జాస్పర్ కొండల ఎరుపు

2024 జులై 25 ఉదయం ఎడ్మంటన్ నుంచి మా అబ్బాయి ఫోన్ చేసి, “నాన్నా, జాస్పర్ తగలబడిపోతోంది” అన్నాడు. ఆపైన వాడికి మాట రాలేదు. మూడు తరాలుగా ఒడిశా కొరాపుట్ జిల్లాలోని జయపురంలో ఉంటున్న కుటుంబం మాది. కెనడాలోని ఆ కొండ ఊరితో నాకున్న చుట్టరికమల్లా 2018 జూన్‌లో అక్కడ గడిపిన నాలుగు రోజులే. ఆ మాత్రానికే ఇంత దుఃఖమా అని ఇక్కడి మన తెలుగు సంఘ మిత్రులు కొందరు అప్పట్లో అడిగారు. ఆ ప్రశ్నకు నోటితో సరిగా చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ రాయడానికి ప్రయత్నిస్తాను.

ఎడ్మంటన్ నుంచి పడమరగా సుమారు నాలుగు గంటలు ప్రయాణం చేస్తే రాకీ పర్వతాల ఒడిలో, అథబాస్కా నది పక్కన, ఐదు వేల మంది కూడా లేని ఆ ఊరు వస్తుంది. ఎత్తులో మన కొరాపుట్ కంటే కొంచెమే పైన ఉంటుంది. వేకువనే బయటికి వస్తే ఎల్క్ దుప్పులు ఇళ్ల ముందు గడ్డి మేస్తూ కనిపించేవి. కొండ చలి, చెక్క ఇళ్లు, ఊరి మధ్యలో రైల్వే స్టేషను చూసి మా ఆవిడ, “మన శిమిలిగుడను ఎవరో ఇక్కడికి తెచ్చి పెట్టినట్టుంది” అంది. ఆ మాటతో అది నాకు పరాయి ఊరు కాకుండా పోయింది.

అయితే ఆ ప్రయాణంలో చూసిన ఒక దృశ్యానికి అర్థం నాకు ఆరేళ్ల తర్వాత గాని పూర్తిగా తెలియలేదు. దారి పొడవునా కొండవాలులు ఎర్రగా ఉన్నాయి. ఫాల్గుణంలో మోదుగులు పూసినట్టు ఉన్నాయని మేము సంబరపడుతుంటే, అబ్బాయి కారు వేగం తగ్గించి, అవి పూలు కావని, చచ్చిపోయిన పైన్ చెట్లని చెప్పాడు. బెరడు కిందకు తొలుచుకుపోయే ఒక చిన్న పురుగు వాటిని చంపింది. పూర్వం గడ్డకట్టించే శీతాకాలాలు ఆ పురుగును అదుపులో ఉంచేవి. చలి మెత్తబడేసరికి అది కొండల కొద్దీ అడవిని తినేసింది. ఊరు కాలడానికి పురుగు ఒక్కటే కారణం కాదు. 1907లో ఆ ప్రాంతాన్ని అటవీ పార్కుగా ప్రకటించాక, అక్కడే ఇళ్లు కట్టుకుని బతుకుతున్న మేటీ (ఆదివాసీ, ఐరోపా మిశ్రమ సంతతి) కుటుంబాలను రెండు మూడేళ్లలో ఖాళీ చేయించారు. అదను చూసి గడ్డికి చిన్న చిన్న మంటలు పెట్టి బయళ్లను కాపాడుకున్నవారు అలా వెళ్లిపోయారు. తర్వాత దశాబ్దాల తరబడి ప్రతి మంటనూ శత్రువుగానే చూసి ఆర్పారు. బయళ్లలోకి కూడా పైన్ చెట్లు చొరబడి, అడవి ఒకే వయసు చెట్లతో దట్టంగా మూసుకుపోయింది. ఇటీవలి దశాబ్దాలలో పార్కు అధికారులు తామే జాగ్రత్తగా మంటలు పెట్టడం, ఊరి చుట్టూ కొంత మేర చెట్లు తొలగించడం మొదలుపెట్టారు గాని, పేరుకున్నదానితో పోలిస్తే అది చాలలేదు.

జులై 22 రాత్రి ఊరినీ పార్కునూ ఖాళీ చేయించారు. సుమారు 25 వేల మంది, వారిలో ఎక్కువ మంది యాత్రికులే, పొగలో బారులు తీరిన కార్లలో బయటపడ్డారు. 24 సాయంత్రం పెనుగాలి తోడై, వంద మీటర్ల ఎత్తు మంట దక్షిణం వైపు నుంచి ఊరి మీదికి వచ్చింది. 1,113 కట్టడాలలో 358 బూడిదయ్యాయి. మా ఆవిడ మెట్ల మీద కూర్చుని ఫొటో తీయించుకున్న ఆంగ్లికన్ చర్చి వాటిలో ఒకటి. ఆసుపత్రి, బడులు, స్టేషను దక్కాయి. ఊళ్లో ఒక్క ప్రాణం కూడా పోలేదు. కాని ఆగస్టు 3న, అడవిలో మంటలతో పోరాడుతున్న 24 ఏళ్ల యువకుడి మీద చెట్టు కూలి అతడు మరణించాడు. ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కుంగదీసేది అదే.

సరస్సులూ శిఖరాలూ అలాగే ఉన్నాయి కనుక యాత్రికుడికి పెద్దగా పోయిందేమీ లేదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. మాకు అన్నం వడ్డించినవారు, గది ఊడ్చినవారు, దారి చెప్పినవారు ఉన్న ఊరే మాకు జాస్పర్. కాలిన వాటిలో అత్యధికం అలాంటివారి ఇళ్లే.

ఇప్పుడు మన కొండల మాట. ఇప్ప పువ్వు రాలే రోజులలో, పువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్ల కింద ఎండుటాకు కాలుస్తారు; ఆ తర్వాత పోడు మంటలు. రాత్రి మేడ మీది నుంచి చూస్తే కొండకు నిప్పు దండ వేసినట్టుంటుంది. కొండవాళ్లే అడవిని నాశనం చేస్తున్నారని మనం పట్నంలో కూర్చుని తేలికగా అనేస్తాం. నేనూ ఎన్నోసార్లు అన్నాను. ఆ మాట తప్పని జాస్పర్ చూశాక తెలిసింది. నేల మీద పాకుతూ ఆకును తినే మంట వేరు, చెట్ల తలలు పట్టుకుని పరిగెత్తే మంట వేరు. ఏటా అదే చోట మంట పెడితే మొలకలు బతకవన్నదీ నిజమే, 2021లో ఒడిశా ఉత్తరాన ఉన్న సిమిలిపాల్ అడవులు వారాల తరబడి కాలడం చూశాం కూడా. కాని ఏ మంట ఎప్పుడు పెట్టాలో, ఎక్కడ ఆపాలో తరతరాలుగా తెలిసిన పరజ, కోందు గిరిజనులను వెలివేసి ఈ కొండలను కాపాడలేం.

పైగా ఇప్పుడు మన జిల్లాలోని దేవమాలి శిఖరం మీదికి నిప్పు తీసుకువెళుతున్నది ఎక్కువగా మనమే. శీతాకాలపు సెలవులలో అక్కడ రాత్రి చలిమంటలు వేసి, తెల్లవారాక నిప్పులను అలాగే వదిలి దిగివచ్చేవారిలో మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. మన సంఘం కార్తీక వనభోజనాలలో కూడా పొయ్యి రాళ్ల మధ్య నిప్పు కణకణలాడుతుండగానే బస్సు ఎక్కిన సందర్భాలు నాకు గుర్తున్నాయి. కనుక ఈ ఏడాది వంటలు కొండ దిగువన, ఊరి చెరువు దగ్గర చేసుకోవాలని, చివరి పొయ్యిలో నీళ్లు పోసి చేతితో తాకి చూశాకే బయలుదేరాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఆ చివరి పొయ్యి దగ్గర ఉండే బాధ్యత నాకు అప్పగించండి.