తాలు కాయలు ఎక్కడ పోయాయి?

మార్చిలో నేను తీసిన ఒక ఫోటోకు మా ఫోటోగ్రఫీ బృందంలో నలభై ఒక్క మెప్పులు వచ్చాయి. లెక్కపెట్టాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, రెండుసార్లు లెక్కపెట్టాను.

గుంటూరు దాటాక ప్రత్తిపాడు వైపు ఒక ఊరి పొలిమేరలో మిరప కళ్లం అది. నేల మీద పట్టాలు, పట్టాల మీద ఎర్రటి కుప్పలు, వాటి నడుమ ముక్కుకు అడ్డంగా గుడ్డ కట్టుకొని కాయలు ఏరుతున్న ఆడవాళ్లు. పొద్దున్నే ఏటవాలుగా పడే ఎండ. ‘సూపర్’, ‘అదిరింది అన్నా’, ‘ఆ ఎరుపు చూశారా, అబ్బ!’ అంటూ వరస కట్టారు. ఒకాయనైతే ఫోటో చూస్తుంటేనే తుమ్ములు వచ్చాయన్నారు. నాలుగు రోజులు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

అయిదో రోజు అటువైపు పని పడింది. ఆ కళ్లం దగ్గర బండి ఆపి, ఫోటోలో అందరికంటే ముందు కూర్చున్న పెద్దావిడకు ఫోను చూపించాను. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకొని ఫోను అందుకుంది. ముందు కళ్లకు దగ్గరగా పెట్టుకొని చూసింది, తరువాత చెయ్యి చాచి దూరంగా పట్టుకొని చూసింది.

“ఇదేమిటయ్యా, తాలు కూడా ఎర్రగా చేశావు? మరి మేము ఏరేది ఏమిటి?”

మిరప సంగతి తెలియనివాళ్లకు ఒక్క మాట. తాలు అంటే రంగు వెలిసి, పాలిపోయి, తెల్లబారిన కాయ. మంచి కాయలో అది కలిసి ఉంటే ధర పడిపోతుంది. అందుకే టిక్కీల్లో, అంటే గోనె సంచుల్లో తొక్కి మిర్చి యార్డుకు పంపే ముందు కళ్లంలోనే కూర్చొని తాలును వేరు చేస్తారు. దాన్ని విడిగా, తక్కువ ధరకు అమ్ముతారు. ఆ ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేసే పని అదే. ఎరుపులోంచి తెలుపును ఏరడం. నేనేమో ఎడిటింగ్‌లో రంగు గాఢత పెంచే మీటను కుడివైపుకు లాగి, వెచ్చదనం మరికాస్త పెంచి, తెలుపును కూడా ఎరుపు చేసి పెట్టాను. నా ఫోటోలో ఆరుగురు ఆడవాళ్లు ఎర్ర కుప్పలోంచి ఎర్ర కాయలను ఏరి మరో ఎర్ర కుప్పగా పోస్తున్నారు.

ఇంటికి వచ్చి కెమెరాలోని అసలు ఫైలు తెరిచాను. పెద్దావిడ ఎడమ చేతి పక్కన చిన్న కుప్ప, ఎండుగడ్డి రంగులో, స్పష్టంగా ఉంది. కెమెరా చూసింది. నేనే చెరిపేశాను. దీని వెనుక సాంకేతికమైన సంగతి ఒకటి ఉంది, ఎర్రటి వస్తువులు తీసేవాళ్లకు పనికొస్తుంది కాబట్టి చెబుతాను. ఫోటోలోని ప్రతి చుక్కా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెల కూర్పు. మిరప కుప్ప మీద ఎండ పడినప్పుడు మిగతా రెండూ ఇంకా అడుగునే ఉండగా ఎరుపు అంకె ఒక్కటే గరిష్ఠానికి చేరిపోతుంది. ఫోటోలో వెలుగు ఎక్కడ ఎంత ఉందో గీసి చూపే పటాన్ని హిస్టోగ్రామ్ అంటారు. మొత్తం వెలుగును మాత్రమే చూపించే హిస్టోగ్రామ్‌లో ఆ ప్రమాదం కనబడదు. మూడు రంగులనూ విడివిడిగా చూపించేదాన్ని చూస్తేనే తెలుస్తుంది. ఎరుపు ఆ అంచుకు చేరిందంటే కాయ మీది ముడత, తొడిమ కింది నీడ అన్నీ మాయమై ఎర్ర ముద్ద మిగులుతుంది. దాని మీద మళ్లీ గాఢత పెంచడమంటే కారం మీద కారం చల్లడమే. ‘ఆ ఎరుపు చూశారా’ అని మా వాళ్లు మురిసిపోయింది ఆ ముద్దను చూసే.

అసలు నాకు మండింది ఇది కాదు. మా బృందంలో మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే ఒకాయన ఉన్నారు. పొద్దున లేస్తే తాలు ముఖం చూసే మనిషి. ఆయన కూడా ‘సూపర్’ అన్నారు. కలిసినప్పుడు అడిగాను, మీకు కనబడలేదా అని. “కనబడకపోవడమేమిటండీ, చూడగానే కనబడింది. మీరు సరదా పడి పెట్టుకున్నారు, ఎందుకు బాధపెట్టడం అనుకున్నాను” అన్నారు. ఎంత మంచి మనిషో చూడండి. నా ఫోటో అబద్ధం చెబుతోందని తెలిసి కూడా, నా మనసు నొచ్చుకుంటుందని నలభై మంది ముందు నన్ను అలాగే నిలబెట్టారు. తలంటు పోసుకున్న పెళ్లికొడుకు చెవి వెనుక నురగ మిగిలిపోతే చూసిన చుట్టం ఏం చేస్తాడు? పక్కకు పిలిచి చెబుతాడు. ‘బాగున్నావు బాబూ’ అని అక్షింతలు వేసి వెళ్లిపోడు.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి అనేస్తాను. మా దగ్గర జరుగుతున్నది ఫోటోలు చూడటం కాదు, చదివింపులు రాయించుకోవడం. నా ఇంటి పెళ్లికి మీరు నూట పదహార్లు చదివించారు, మీ ఇంటి పెళ్లికి నేనూ నూట పదహార్లు చదివిస్తాను. పుస్తకంలో లెక్క ఉంటుంది. నేను పెట్టిన సూర్యాస్తమయానికి మీరు ‘అద్భుతం’ అన్నారు, మీ మనవరాలి బోసినవ్వుకు నేను ‘అద్భుతం’ అనాలి. అనకపోతే బాకీ. ఈ వ్యవహారంలో ఎవరూ ఎవరి ఫోటోనూ చూడనక్కర్లేదు. పండుగ రోజున ఒకాయన పొరపాటున ఒకే ఫోటోను రెండుసార్లు పంపితే రెండింటికీ మెచ్చుకోళ్లు వచ్చాయి. రెండోదానికి ‘ఇది ఇంకా బాగుంది’ అని కూడా వచ్చింది.

అయితే నిక్కచ్చిగా చెప్పడమే స్నేహం అనుకుంటే అక్కడా బోర్లా పడతాము. ఈ మాట నేను ఊరికే అనడం లేదు, ఒక మనిషిని పోగొట్టుకొని అంటున్నాను.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం ఉదయం అందరం విజయవాడ వెళ్లాము. పద్మావతి ఘాట్ దగ్గర ఫోటోలు తీసుకొని, టీ బండి దగ్గర చేరి, ఒకరి ఫోటోలు ఒకరం చూసుకుంటున్నాము. కొత్తగా చేరిన ఒకాయన, వయసు యాభై దాటి ఉంటుంది, ఎంతో సంబరంగా తన ఫోను ముందుకు చాపారు. ప్రకాశం బ్యారేజీ, దాని గేట్లు, కింద నీళ్లలో వాటి నీడలు. మంచి ఫోటో. కానీ దిగంతరేఖ ఒక పక్కకు వాలిపోయింది. భవనం కాస్త ఒరిగితే కన్ను సర్దుకుంటుంది, కొండ ఒరిగితే అసలు తెలియదు, నీళ్లు ఒరిగితే మాత్రం చూడగానే పట్టేస్తుంది. నీరు సమతలంగా ఉంటుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు కదా. నేను ఊరుకోవచ్చు. “అయ్యో, కృష్ణ మొత్తం సీతానగరం వైపు ఒలికిపోతోంది, ఎవరైనా బిందె పట్టండి!” అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఫోను జేబులో పెట్టుకున్నారు. టీ డబ్బులు అందరివీ ఆయనే ఇచ్చారు. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

వెటకారానికి గోదావరి జిల్లాల వాళ్లకే పేరు గానీ, కృష్ణా గుంటూరు జిల్లాల వాళ్లమూ తక్కువ తినలేదు. నా మాటలో తప్పు లేదు. రేఖ నిజంగానే వాలింది. సరిచేయడానికి ఫోనులో పది క్షణాలు కూడా పట్టదు. ఆ పది క్షణాల పని చూపించకుండా బిందె జోకు వేశాను. ఎందుకంటే ఆ మాట ఆయన కోసం అన్నది కాదు, చుట్టూ ఉన్నవాళ్ల నవ్వు కోసం అన్నది. ఆయన నంబరు ఇంకా నా ఫోనులో ఉంది. రెండు మూడుసార్లు ఏదో రాయబోయి చెరిపేశాను.

ఇక మూడో జాతి ఒకటి ఉంది, సూత్రాల వాళ్లు. వీళ్లు పొగడరు, వెటకారం చేయరు, కొలుస్తారు. ఉండవల్లి గుహల్లో ఒకే రాతిలో చెక్కిన శయన మూర్తి ఉంది కదా, మా వాళ్లలో ఒక అబ్బాయి దాన్ని ఉన్న కాస్త వెలుతురులోనే, కెమెరాను స్టాండు మీద నిలిపి ఓపికగా తీశాడు. తల నుంచి పాదాల దాకా ఆ పొడవంతా ఫ్రేములో నిండుగా పడుకొని ఉంది. మా సూత్రధారి ఒకాయన చూసి, ప్రధాన వస్తువు మధ్యలో ఉండకూడదు, ఫోటోను మూడు సమాన భాగాలు చేస్తే వచ్చే మూడింట ఒక వంతు గీత మీద ఉండాలి అని తీర్పు చెప్పారు. అబ్బాయి పాపం నమ్మాడు. అలా కత్తిరించి మర్నాడు తెచ్చాడు. సూత్రం నిలబడింది, స్వామి పాదాలు తెగిపోయాయి. ఈ మూడింట ఒక వంతు మాటను 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు ప్రకృతి దృశ్యాలు గీసేవాళ్ల కోసం రాశాడు. 1839లో ఫోటోగ్రఫీ లోకానికి తెలియడానికి నలభై ఏళ్లకు పైగా ముందు మాట. ఆయన ఉండవల్లి చూడలేదని నేను పూచీ ఇస్తాను.

మా బృందంలో నర్సింగ్ చదివే ఒక అమ్మాయి ఉంది. తన నాయనమ్మ చేతులు తీసింది, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న చేతులు. ఆమె అడిగింది ఒకటే ప్రశ్న: రంగుల్లో ఉంచాలా, నలుపు తెలుపు చేయాలా? దానికి వచ్చిన సలహాలు వినండి. మంచి లెన్సు కొనుక్కోవాలి. కిటికీ పక్కన కూర్చోబెట్టాల్సింది. గాజులు తీయించాల్సింది. ఒకాయన ఏ క్లాసుకు వెళితే బాగుంటుందో చెప్పారు, ఆ క్లాసు చెప్పేది ఆయనే. రంగా, నలుపు తెలుపా అన్నది ఒక్కరూ చెప్పలేదు. “అన్నయ్యా, నేను అడిగినదానికి ముందు చెప్పి, ఆ తరువాత మీకు తోచింది చెప్పవచ్చు కదా” అంది ఆ అమ్మాయి. చాలా మర్యాదగా అంది. నేనైతే అంత మర్యాదగా అనలేకపోయేవాడిని. మగవాళ్ల ఫోటోలకు ఇన్ని సలహాలు రావు, ఇది మాత్రం గమనించాను.

ఇంతమందిలో చూడటం తెలిసిన మనిషి ఎవరంటే, లెక్కల మాస్టారుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన. ఆయన దగ్గర ఒక సరంజామా ఉంది. పాత శుభలేఖ అట్టను కత్తిరించి చేసుకున్న, మూలమట్టం ఆకారంలో ఉండే రెండు ముక్కలు. ఫోనులో చూపిస్తే ఆయన చూడరు, అచ్చు వేయించి తెమ్మంటారు. అది బల్ల మీద పెట్టి, ఆ రెండు ముక్కలనూ ఎదురెదురుగా ఉంచి, లోపలికి బయటికి జరుపుతూ, ఎక్కడ ఆపితే ఫోటో ఊపిరి పీల్చుకుంటుందో చూస్తారు. శుభలేఖ మీది ‘శ్రీరస్తు’లో సగం ఇప్పటికీ ఒక ముక్క మీద ఉంది. ఆయన ముందుగా చెప్పేది బాగుందనో బాగోలేదనో కాదు. “నా కన్ను మొదట ఇక్కడికి వచ్చింది. తరువాత ఇటు వెళ్లింది. ఇక్కడికి వచ్చి బయటికి జారిపోయింది. నువ్వు అనుకున్నది ఇదేనా?” అంటారు, అంతే. ఉప్పలపాడు చెరువులో నేను తీసిన గూడబాతు ఫోటోలో ఆయన కన్ను పక్షి మీదికి కాక దాని వెనుక కొమ్మకు తగులుకున్న తెల్లటి ప్లాస్టిక్ సంచి మీదికి వెళ్లింది. మూడు వారాలుగా చూస్తున్నాను ఆ ఫోటోను, ఆ సంచి నాకు కనబడనే లేదు. తీసినవాడికి పక్షే కనబడుతుంది, చూసేవాడికి ఫోటో అంతా కనబడుతుంది. ఆయన చెప్పాక మళ్లీ చూస్తే సంచి తప్ప ఇంకేమీ కనబడలేదు.

ఆ రోజు నేను సంజాయిషీ మొదలుపెట్టాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచానండీ, గట్టు మీద నిలబడే చోటు అదొక్కటేనండీ, అవతలికి వెళ్తే ఎండ ఎదురుగా కొడుతుందండీ. మాస్టారు అట్టముక్కలు సంచిలో సర్దుకుంటూ, “బాబూ, పరీక్షలో రుజువు కాగితం మీద ఉంటేనే మార్కులు వేసేవాడిని, పిల్లాడు వెంటపడి నోటితో చెబితే వేసేవాడిని కాదు” అన్నారు. గంట మీద కొట్టినట్టు తగిలింది. ఎదుటివాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా ఫోటో తీసిన మనిషి నోరు తెరవకూడదని అప్పటి నుంచి మా నలుగురైదుగురి మధ్య ఒక కట్టుబాటు పెట్టుకున్నాము. చాలా కష్టం. పోయినసారి గుమాస్తా గారి ఫోటో చూస్తున్నప్పుడు ఆయన నోట్లో వక్కపలుకు వేసుకొని కూర్చున్నారు, మాట రాకుండా ఉండటానికి. ఆయన వంతు వచ్చినప్పుడు నాకూ మొహమాటపడకుండా చెబుతున్నారు ఇప్పుడు. వినడానికి అంత హాయిగా ఏమీ లేదు, ఆ మాట కూడా ఒప్పుకోవాలి.

మిరప ఫోటోను మళ్లీ మొదటి నుంచి చేశాను. గాఢత తగ్గించాను, ఎరుపును ఒక్కదాన్నే కిందికి దించాను. కుప్ప ముద్దగా కాక కాయలు కాయలుగా కనబడింది, ఎడమ పక్కన తాలు తాలులా నిలిచింది. మాస్టారి అట్టముక్కలు పెట్టి చూసి, పైన ఉన్నదంతా తీసేసి, ఆ రెండు కుప్పలు, నడుమ ఆ చేతులు మాత్రం ఉంచాను. బృందంలో పెడితే ఆరు మెప్పులు వచ్చాయి. ‘ముందుదే బాగుంది అన్నా, ఇందులో పంచ్ లేదు’ అని ఒకటి.

అచ్చు వేయించుకొని కళ్లానికి వెళ్లాను. ఏరడం చివరికి వచ్చింది, సగం పట్టాలు చుట్టేసి ఉన్నాయి. పెద్దావిడ ఈసారి చేతులు తుడుచుకోలేదు, అచ్చును అంచుల దగ్గర పట్టుకుంది. తాలు కుప్ప మీద వేలు పెట్టి, “ఆ, ఇదిగో, ఇప్పుడు ఉంది” అంది. నేను పొంగిపోయేలోపే కాగితాన్ని వెనక్కి తిప్పి చూసి, మళ్లీ ముందుకు తిప్పింది.

“అన్నీ ఉన్నాయి గానీ అయ్యా, నా మొహం ఏది?”

చేతుల మీద దృష్టి నిలవాలని అలా కత్తిరించానని చెప్పబోయాను. మాస్టారు గుర్తొచ్చారు. నోరు మూసుకొని నిలబడ్డాను.