బడికి కావాల్సింది లైబ్రేరియన్, ఇన్‌ఛార్జి కాదు

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ లైబ్రేరియన్ కాకముందు లెక్కల మాస్టారు. ఏటా ఆగస్టు 12న ఆయన జయంతి జరిపి, లైబ్రరీలు ఎలా నడవాలో చెబుతూ ఆయన రాసిన ఐదు సూత్రాలు వల్లిస్తాం గానీ ఈ సంగతి పట్టించుకోం. నా దృష్టిలో ఆయన జీవితంలో ముఖ్యమైన విషయం ఇదే.

సైదాపేటలో ఉపాధ్యాయ శిక్షణ పొంది మంగళూరు, కోయంబత్తూరు, మద్రాసు కాలేజీల్లో పాఠాలు చెప్పారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్‌గా చేరగానే, మనుషుల్లేని ఆ కొలువు భరించలేక తరగతికే వెళ్లిపోతానన్నారు. ముందు లండన్ వెళ్లి చదివి రండి, అప్పటికీ నచ్చకపోతే చూద్దామని నచ్చజెప్పి పంపారు. అక్కడి లైబ్రరీల్లో పిల్లలు, కార్మికులు, ఆడవాళ్లు చొరవగా పుస్తకాలు తీసుకోవడం చూశాక ఆయన మనసు మారింది. తిరిగొచ్చి పుస్తకాల అరలను పాఠకులకు తెరిచారు. 1929 నుంచి కొత్త లైబ్రేరియన్లకు పాఠాలు చెప్పారు. మాస్టారు పని వదిలిందెక్కడ?

1931లో ఆయన రాసిన మొదటి సూత్రం: పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికే. ఒకప్పుడు యూరప్‌లో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టేసేవారు. మన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో చాలాచోట్ల ఆ గొలుసు ఇంకా ఉంది. హెచ్ఎం గదిలో ఇనుప బీరువా, దానికి తాళం, తాళంతోపాటు ఒక స్టాక్ రిజిస్టర్. తెలుగు మాస్టారో, సైన్సు టీచరో ఇన్‌ఛార్జి. బదిలీ అయ్యే రోజు లెక్క ప్రకారం పుస్తకాలు అప్పగించాలి. రెండు తగ్గితే సంజాయిషీ ఆయనదే. ఇక పిల్లల చేతికి పుస్తకం ఎందుకిస్తారు? ఆ టీచరును తప్పుపట్టలేం. పోయిన పుస్తకానికి శిక్ష ఉంది, ఎవరూ చదవని పుస్తకానికి లేదు.

రెండో సూత్రం ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలంటుంది. దానికి బీరువా చాలదు, మనిషి కావాలి. చదవడమంటే విసుగని తప్పించుకునే ఏడో తరగతి పిల్లాడికి పాములంటే ఆసక్తి అని గమనించి, పాముల బొమ్మల పుస్తకం చేతికిచ్చి, వారం తర్వాత ‘ఏది బాగుందిరా?’ అని అడిగే మనిషి. సిలబస్ పూర్తి చేయాలన్న టెన్షన్‌లో ఉన్న టీచరుకు ఆ తీరిక ఉండదు. అది పూర్తికాలపు పని, శిక్షణ కావాల్సిన పని.

ఫోన్లోనే అన్నీ దొరుకుతుంటే లైబ్రేరియన్ ఎందుకని కొందరంటారు. సబ్జెక్టు టీచర్లకే కొరత ఉందని అధికారులంటారు. కొరత నిజమే. కానీ ఫోన్లో దొరికేదాంట్లో ఏది నమ్మాలో పిల్లలకు ఎవరు నేర్పాలి? కేంద్రీయ విద్యాలయాలకు, నవోదయలకు లైబ్రేరియన్ పోస్టులున్నాయి. గురుకులాల్లోనూ ఆ పోస్టులున్నాయి. అదే ఊళ్లోని మామూలు సర్కారు బడి పిల్లలు చేసిన పాపమేమిటి?

డబ్బులెక్కడివంటారా? అసలు కోపం వచ్చేది ఇక్కడే. రంగనాథన్ ఏళ్ల తరబడి పోరాడగా 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చింది. అప్పటి ఆంధ్ర జిల్లాలూ దాని కిందే ఉండేవి. లైబ్రరీకంటూ ప్రత్యేకంగా సెస్ వసూలు చేయాలన్నది ఆ చట్టంలోని కీలకం. 1960లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టమూ అదే దారి పట్టింది. ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లో ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్ కడుతున్నాం. పంచాయతీలు, మున్సిపాలిటీలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమచేయాలి. జమచేయకుండా బకాయిలు పెట్టడం ఏళ్లుగా వింటున్నదే. జనం పుస్తకాల కోసం కట్టిన డబ్బును వేరే ఖర్చులకు వాడుకోవడం అన్యాయం. కరెంటు బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకేస్తారు, సెస్ బకాయిలు మాత్రం ఎవరూ అడగరు.

ప్రతి జిల్లా తన సెస్ బకాయి ఎంతో బహిరంగంగా ప్రకటించాలి. ఆ సొమ్ముతో ఊరి శాఖా గ్రంథాలయాన్ని, బడి లైబ్రరీని కలిపి నడపాలి. ఇందుకు చట్టం అడ్డొస్తే సవరించాలి. వచ్చే డీఎస్సీలో హైస్కూలు లైబ్రేరియన్ పోస్టులు పెట్టాలి, టీచరుతో సమానమైన జీతంతో, హోదాతో.