ఓర్వకల్లులో రన్‌వే ఉంది, రోజూ విమానం ఏదీ?

ఓర్వకల్లులో ఉన్న కర్నూలు విమానాశ్రయానికి రెండుసార్లు రిబ్బన్ కత్తిరించారు. 2019 జనవరి 8న చంద్రబాబు నాయుడు, 2021 మార్చి 25న జగన్‌మోహన్ రెడ్డి. మొదటి ముహూర్తం నాటికి ప్రయాణికుల విమానం దిగడానికి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సే లేదు, అది 2021 జనవరిలో వచ్చింది. ఎవరిది అసలు ప్రారంభమన్న పంచాయితీ పార్టీలు తేల్చుకుంటాయి. నేను అడిగేది టైంటేబుల్ సంగతి.

2021 మార్చి 28న మొదలైన విమానాలు ఎక్కడికి? బెంగళూరు, విశాఖ, చెన్నై. విజయవాడ ఊసే లేదు. అప్పట్లో కర్నూలు న్యాయ రాజధాని, విశాఖ పాలనా రాజధాని అంటున్నారు మరి. ఫైళ్లన్నీ విజయవాడ పక్కన వెలగపూడి సచివాలయంలో ఉంటే విమానం విశాఖకు ఎగిరింది! 2024లో ప్రభుత్వం మారింది, 2025 జులై 2న విజయవాడ సర్వీసు వచ్చింది, అదీ వారానికి మూడు రోజులు. పక్క రాష్ట్రం రాజధానికి మొదటి రోజే దారి దొరికింది గానీ సొంత రాష్ట్రం రాజధానికి నాలుగేళ్లు దాటింది. ఓర్వకల్లు నుంచి ఏ విమానం ఎటు పోవాలో చెప్పింది ప్రయాణికుడి అవసరమా, రాజధాని రాజకీయమా? నా అనుమానం రెండోదాని మీదే.

"ఎక్కేవాళ్లు లేనప్పుడు ఖాళీ సీట్లకు సర్కారు సొమ్మెందుకు, ఆ డబ్బు హంద్రీనీవా కాలువకు పెట్టండి" అంటారు కొందరు. కాలువ ముందన్న మాట కాదనను. కానీ ఏ రోజు ఉంటుందో, ఏ నెల ఆగుతుందో తెలియని విమానాన్ని నమ్ముకుని ఎవరు పని పెట్టుకుంటారు? నష్టమొస్తోందని పల్లెవెలుగు బస్సును వారానికి మూడు రోజులు తిప్పితే అదీ ఖాళీగానే తిరుగుతుంది.

కడప చూడండి. 2015 జూన్ 7న కొత్త టెర్మినల్ తెరిచారు, అదే రోజు ఎయిర్ పెగాసస్ బెంగళూరు విమానం మొదలైంది. ఏడాది తిరిగేసరికి 2016 జులైలో ఆ కంపెనీయే మూతపడింది. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకానికి ప్రధాని సిమ్లాలో జెండా ఊపినప్పుడు మొదటి వరసలోనే కడప–హైదరాబాద్ ఉంది, ట్రూజెట్ నడిపింది. తర్వాత ట్రూజెట్టూ ఆగిపోయింది. ఉడాన్ లెక్కే అంత: సగం సీట్లకు టికెట్ ధర మీద పరిమితి, దానివల్ల వచ్చే నష్టాన్ని పూడ్చడానికి మూడేళ్ల పాటు సర్కారు సొమ్ము. మూడేళ్ల తర్వాత నీ దారి నీది. కంపెనీ మారినప్పుడల్లా కడప వాళ్లు మళ్లీ రైళ్ల టైములు వెతుక్కున్నారు.

ఇక రన్‌వే పొడిగించాలి, పెద్ద విమానాలు రావాలి అనే డిమాండు ఒకటి. ఓర్వకల్లు రన్‌వే 2,000 మీటర్లు. మన ఎండల్లో గాలి పలచబడి, విమానం లేవడానికి మామూలు కంటే ఎక్కువ దూరం పరిగెత్తాలి. కాబట్టి నిండు లోడుతో పెద్ద జెట్లకు ఇది ఇరుకే. కానీ గంట దూరంలో ఉన్న విజయవాడకు పెద్ద జెట్ ఎందుకు? డెబ్బై ఎనిమిది సీట్ల చిన్న విమానం ఏటీఆర్ చాలు. పొద్దున పోయి సాయంత్రం రావాలి, రోజూ. ఐదేళ్లకు తగ్గకుండా రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం రాసుకోవాలి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

ఇది కర్నూలుకు దయతలచి ఇవ్వాల్సింది కాదు. 1937లో కోస్తా, సీమ నాయకులు రాసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో రాజధానో హైకోర్టో, కోరుకున్నది సీమకే అన్నారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది, 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాద్‌కు పోయింది. మూడేళ్ల ముచ్చట, ఉడాన్ సొమ్ములాగే. ఇప్పుడు హైకోర్టు బెంచి అంటున్నారు, 2024 నవంబర్‌లో అసెంబ్లీ తీర్మానమూ చేసింది. బెంచి వచ్చినా రాకపోయినా పింఛను ఫైలు, భూమి ఫైలు కదలాలంటే ఇక్కడివాడు రాత్రంతా బస్సులో కూర్చోవాల్సిందే. విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు, సంతోషం. 1847లో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఆ వీరుడి పేరు బోర్డు మీద రోజూ వెలుగుతుంది, బోర్డు కింద విజయవాడ విమానం మాత్రం వారానికి మూడు రోజులే.

మొన్న మా బావకు పొద్దున పదింటికల్లా వెలగపూడిలో ఉండాల్సిన పని పడింది. రిటైరై రెండేళ్లయింది, నడుం నొప్పి మనిషి. ఆ రోజు ఫ్లైటు లేదు. రాత్రి కర్నూలు బస్టాండులో విజయవాడ బస్సెక్కించాను. బస్సు కదులుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి, "తిరిగొచ్చేటప్పుడన్నా ఫ్లైటుందేమో చూడ్రా" అన్నాడు. ఫోన్‌లో చూశాను. ఎల్లుండి ఉంది.