గ్రంథాలయ సెస్సు గ్రంథాలయానికే చేరాలి

మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కలిసి ఉంటుంది. పుస్తకం ముట్టనివాళ్లు కూడా కడుతున్న సొమ్మిది. పంచాయతీలు, మున్సిపాలిటీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలని 1960 నాటి చట్టం చెబుతోంది. కానీ ఆ డబ్బును సొంత ఖర్చులకు మళ్లించుకోవడం, బకాయిలను ఏళ్ల తరబడి పేరబెట్టడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది. ఇది ప్రజల సొమ్మును దారి మళ్లించడమే. ఇంతకన్నా మెత్తగా చెప్పడం మాకు ఇష్టం లేదు.

తెలుగునాట గ్రంథాలయాలు సర్కారు దయతో పుట్టలేదు. నిజాం ఏలుబడిలో తెలుగుకు ఆదరణ లేని రోజుల్లో, 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. 1914లో అయ్యంకి వెంకట రమణయ్య వంటివారు బెజవాడలో గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టారు. 1935లో పెదపాలెం కార్యకర్తలు పడవలో పుస్తకాలు పెట్టుకుని కృష్ణా కాలువల వెంట ఊరూరికీ తీసుకెళ్లారు. చందాలు పోగుచేసి వాళ్లు నడిపిన పనిని, పన్ను వేసే అధికారం చేతిలో ఉన్న ప్రభుత్వాలు నడపలేకపోతున్నాయంటే నమ్మలేం.

సెస్సు ఆగితే ముందుగా ఆగేది కొత్త పుస్తకాల కొనుగోలు. ఆ తర్వాత ఖాళీలు భర్తీ కావు, ఒకే లైబ్రేరియన్ రెండు మూడు శాఖలు చూసుకోవాలి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఇంటి నుంచి పుస్తకాలు తెచ్చుకుని అక్కడ కూర్చుంటున్నారు. వాళ్లకు ఆ చోటు అవసరమే, కాదనం. కానీ గ్రంథాలయం కుర్చీలూ ఫ్యాన్లూ ఉన్న గది మాత్రమే కాదు కదా!

పాత సంపద సంగతి మరీ ఆందోళనకరం. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలున్నాయి. 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికల సంచికలున్నాయి. న్యూస్‌ప్రింట్ ఏటికేడు పెళుసెక్కి, తిరగేస్తే పొడి అవుతుంది. స్కానింగ్ ఒక్కటే చాలదు. జాబితా తయారీకి, కాగితం మరమ్మతుకు శిక్షణ పొందిన మనుషులు కావాలి, ఏటా నికరమైన నిధి కావాలి. వేటపాలెం లాంటి ప్రైవేటు గ్రంథాలయాలకూ ఇందులో వాటా ఇవ్వాలి.

సెస్సు వసూలైన నెలలోనే నేరుగా గ్రంథాలయ సంస్థ ఖాతాకు చేరే ఏర్పాటు కష్టం కాదు. పన్ను చెల్లింపులు ఇప్పటికే ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. నవంబరు 14న మొదలయ్యే గ్రంథాలయ వారోత్సవాల నాటికి ప్రతి మున్సిపాలిటీ, ప్రతి పంచాయతీ తన నోటీసు బోర్డు మీద రెండు అంకెలు పెట్టాలి: వసూలైన సెస్సు ఎంత, జమచేసింది ఎంత.