చుట్టుదారి వాళ్లది, పరిహారం మనదా?

విమానం టికెట్ కొనడం పూర్తవుతుండగా తెరమీద ఓ చిన్న గడి ప్రత్యక్షమవుతుంది. మీ ప్రయాణం వల్ల వెలువడే కర్బనానికి పరిహారంగా ఇంత చెల్లించండంటుంది. సరే, చెల్లిద్దాం. మరి ఆ విమానం ఏ దారిన పోవాలో తేల్చే లెక్కలో కర్బనానికి చోటెంత?

కాక్‌పిట్ కంప్యూటర్‌లో 'కాస్ట్ ఇండెక్స్' అని ఒక అంకె వేస్తారు. సున్నా వేస్తే ఇంధనం అతి తక్కువ కాలే వేగం. అంకె పెరిగేకొద్దీ విమానమూ వేగమందుకుంటుంది, చమురూ ఎక్కువ తాగుతుంది. సిబ్బంది జీతభత్యాలు, మరమ్మతులు వంటి కాలం ఖర్చులన్నీ అందులో ఇమిడి ఉంటాయి. వ్యాపారమన్నాక తప్పదు. ఆ మాటే చెప్పొచ్చుగా!

ఐరోపానే చూడండి. తన మీదుగా ఎగిరే విమానం నుంచి ప్రతి దేశమూ దూరాన్నీ, బరువునూ బట్టి రుసుము వసూలు చేస్తుంది. రేటు దేశానికొకటి. రుసుములో మిగిలేది అదనంగా కాలే చమురు ధరకన్నా ఎక్కువైతే చాలు, సాఫ్ట్‌వేర్ చౌక ఆకాశం మీదుగా చుట్టుదారి చూపిస్తుంది. కిలో ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్! మిగిలిన డబ్బు సంస్థకు, పొగ మాత్రం అందరికీ. పరిహారం కట్టే భారం టికెట్ కొన్నవాడికి. అత్త సొమ్ము అల్లుడు దానమంటే ఇదే.

చమురు చౌకగా దొరికిన చోటే ట్యాంకులు నింపుకోవడం ఇంకో విద్య. ఆ బరువు మోయడానికి మళ్లీ చమురు కాలాల్సిందే. తమ విమానాశ్రయాల నుంచి వెళ్లేవాళ్లు ఏడాది అవసరాల్లో 90 శాతం అక్కడే నింపుకోవాలని ఐరోపా సమాఖ్య 2025 నుంచి నిబంధన అమలు చేయాల్సి వచ్చింది. పర్యావరణ ప్రేమ నిజమైతే చట్టం దాకా ఎందుకొచ్చింది?

గాలివాటు కలిసొస్తే దూరపు దారే పొదుపు కావచ్చు, తుపాను అడ్డొస్తే పక్కకు తప్పుకోవాల్సిందే అంటారు. నిజమే. గాలితో మాకు పేచీ లేదు. రుసుము ఎగ్గొట్టే చుట్టుదారికి పచ్చరంగు పూయడంతోనే పేచీ.

ప్రభుత్వాలు తక్కువేం తినలేదు. 'ఒకే ఐరోపా గగనతలం' చట్టాలు 2004లోనే వచ్చాయి. రెండు దశాబ్దాలు దాటినా ఆకాశంలో ఎవరి గళ్లు వారివే, ఎవరి రేట్లు వారివే. వాతావరణ సదస్సుల్లో ప్రతిజ్ఞలు చేసేదీ వీరే.

విమానం ఎంత చుట్టు తిరిగిందో, ఎందుకు తిరిగిందో, ఎంత అదనంగా కాల్చిందో టికెట్ మీదే అచ్చు వేయండి. ఆ పని చేతకాకపోతే ముందు ఆ గడి తీసేయండి.