ఢామ్మన్నది ఎటు నుంచి?

సిగ్నల్ దగ్గర ఆగిన కారు కదలబోతూ ఢామ్మంటుంది. పక్కన బైకు మీదున్న మనిషి ఉలిక్కిపడతాడు. వెనకాల వస్తున్నవాళ్లు టైరు పేలిందేమోనని తొంగి చూస్తారు. టైరుకేం కాదు. డ్రైవరు ఎక్సలేటర్ మరో రెండుసార్లు తొక్కి చూసి, చప్పుడు రాకపోయేసరికి ‘ఏదో బ్యాక్ ఫైర్‌లే’ అనుకుని వెళ్లిపోతాడు. మా అభ్యంతరం ఆ ‘లే’ మీదే. ఇంజిన్ ఊరికే అరవదు. మంట ఉండాల్సిన చోట కాక మరోచోట రాజుకుందని చెబుతోంది. ఎక్కడో కనుక్కోకుండా ఊరుకోవడం ఒక తప్పయితే, కనుక్కోకుండానే పార్టులు మార్చేయడం అంతకంటే పెద్ద తప్పు.

నిజానికి పెట్రోల్ ఇంజిన్ బతికేదే మంటల మీద. 1876లో జర్మన్ ఇంజినీరు నికొలాస్ ఒట్టో నడిపి చూపించిన నాలుగు అంచెల పద్ధతే నేటికీ సాగుతోంది: పీల్చడం, అదమడం, మండించడం, వదలడం. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ సెకనుకు 25 సార్లు మండుతుంది. సిలిండర్లు నాలుగుంటే సెకనుకు నూరు మంటలు. ఆ నూరూ తలుపులన్నీ వేసిన గదిలో రాజుకుంటాయి కాబట్టి మనకు గురగుర తప్ప మరేం వినిపించదు. వాటిలో ఒక్కటి గది దాటిందా, ఢామ్!

అది దాటే దారులు రెండు. గాలి లోపలికొచ్చే ముందు దారి, పొగ బయటికెళ్లే వెనక దారి. మాటల్లో రెంటినీ బ్యాక్ ఫైర్ అనే అంటాం. కానీ రెండూ ఒకే జబ్బు కాదు, చాలాసార్లు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

ముందు వైపు, అంటే బానెట్ కింద, ఎయిర్ ఫిల్టర్ దగ్గర టప్‌మంటే మొదట అనుమానించాల్సింది పెట్రోలు చాలకపోవడాన్ని. ఇది వినగానే నమ్మబుద్ధి కాదు. పెట్రోలు తక్కువైతే మంట తగ్గాలిగానీ పేలడమేమిటి? కిలో పెట్రోలు సరిగ్గా మండటానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. గాలి పాలు అంతకు బాగా మించితే మంట ఆరదు, నిదానిస్తుంది. వదిలే అంచె ముగిసి, పీల్చే వాల్వు మళ్లీ తెరుచుకునేసరికి కూడా లోపల నిప్పు మిగిలే ఉంటుంది. అప్పుడే వస్తున్న కొత్త మిశ్రమానికి అది అంటుకుని, మంట వెనక్కి తన్నుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఒక్కసారిగా పికప్ ఇచ్చినప్పుడు ఇది ఎక్కువ. గాలిలో పెట్రోలు కలపడానికి కార్బురేటర్ ఉండే పాత బండ్లలో ఎక్సలేటర్ పంపు అరిగిపోతే, తొక్కగానే గాలి ముందు దూసుకొచ్చి పెట్రోలు వెనకబడుతుంది, చప్పుడు మాత్రం వెంటనే వస్తుంది.

ఇప్పటి బండ్లలో ఈ పని చేసేది తరచూ ఒక రబ్బరు గొట్టం. చూడటానికి నిక్షేపంగా ఉంటుంది. క్లిప్పు బిగించిన చోట రెండు వేళ్ల మధ్య పట్టి వంచితే అప్పుడు నోరు తెరుస్తాయి, వెంట్రుకవాసి పగుళ్లు. ఇంజిన్ వాటిగుండా దొంగగాలి పీలుస్తుంటుంది. ఆ గాలి లెక్క, లోపలికొచ్చే గాలిని కొలిచే సెన్సర్‌కు అందదు. కంప్యూటర్ ‘పి0171’ అని కోడ్ చూపిస్తుంది, అంటే మిశ్రమం పలచబడిందని. ఆ కోడ్ చూడగానే, పొగను చూసి ఆ కబురు చెప్పిన ఆక్సిజన్ సెన్సర్‌ను మార్చేసే మెకానిక్కులున్నారు. చెడువార్త మోసుకొచ్చిన పోస్ట్‌మ్యాన్‌ను మార్చినట్టుంటుంది వరస. గొట్టం అక్కడే ఉంటుంది, చప్పుడూ అక్కడే ఉంటుంది, బిల్లు మాత్రం కొత్తది.

ముందు వైపు చప్పుడుకు మరో కారణం, వేళ తప్పిన నిప్పురవ్వ. ప్లగ్గు వైర్లు ఒకదాని బదులు ఒకటి తగిలించినా, వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ బెల్టు ఒక పన్ను జారినా వాల్వు తెరిచి ఉండగానే మంట పుట్టొచ్చు. సర్వీసింగ్ చేయించి తెచ్చిన మర్నాడే మొదలైన చప్పుడైతే ముందు ఈ వైర్లే చూడాలి. మిక్సర్ రకం గ్యాస్ కిట్టు బిగించిన బండ్లలో ముందు బ్యాక్ ఫైర్ మరీ మొండిది. అక్కడ గాలి గొట్టం పొడవునా గ్యాస్ నిండి ఉంటుంది కాబట్టి ఒక్క పేలుడుకే ఫిల్టర్ డబ్బా చీలిపోగలదు. అలాంటి బండికి పాత ప్లగ్గులతో సరిపెట్టుకోవడం పొదుపు కాదు. డీజిల్ ఇంజిన్‌కు ఈ బెడద దాదాపు లేదు. అది పీల్చేది ఉత్త గాలి.

ఇక వెనక. సైలెన్సర్‌లో పేలిందంటే, సిలిండర్‌లో మండాల్సిన పెట్రోలు మండకుండా అక్కడిదాకా వెళ్లిందన్నమాట. ప్లగ్గో కాయిలో చచ్చుబడి మిస్సింగ్ కొడుతుండొచ్చు, ఇంజెక్టర్ కారుతుండొచ్చు, టైమింగ్ వెనకబడి ఉండొచ్చు. ప్లగ్గు విప్పి చూస్తే సగం సంగతి అదే చెబుతుంది. కొన లేత గోధుమరంగులో ఉంటే ఇబ్బంది లేదు. పొడిగా, మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. తెల్లగా పాలిపోతే గాలి ఎక్కువైంది. కాలు తీసినప్పుడు మాత్రమే పేలుతుంటే పొగగొట్టం జాయింట్లు చూడాలి. ప్యాకింగ్ పోయిన సందులోంచి బయటి గాలి లోపలికి చేరి, మిగిలిన పెట్రోలును వేడి గొట్టంలో అంటిస్తుంది. ఆ సందు పక్కన నల్లటి మసి చార ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని, ఇంజిన్ వేడెక్కాక సద్దుమణిగే చప్పుడు కూడా చాలాసార్లు దానిదే.

వెనక చప్పుడును తేలిగ్గా తీసుకోవద్దనడానికి మరో కారణముంది. ఇంజిన్‌కీ సైలెన్సర్‌కీ మధ్య, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మె. మండని పెట్రోలు దాని మీద మండితే ఆ గదులు కరిగి ముద్దవుతాయి, పొగకు దారి మూసుకుపోతుంది. డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే వీలు చూసుకుని చూపించుకోవచ్చు. మినుకుమినుకుమంటుంటే వాయిదా కుదరదు. కన్వర్టర్ కాలిపోయేంత మిస్సింగ్ అప్పటికే జరుగుతోంది. కాలు తీసి బండి పక్కకు ఆపాల్సిందే. ప్లగ్గుతో పోయేది కన్వర్టర్ దాకా తెచ్చుకోవడం దేనికి?

ఇంత నష్టాన్ని కొందరు కోరి కొనితెచ్చుకుంటున్నారు. ఇంజిన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్పించి, కాలు తీసినా పెట్రోలు చిమ్మేలా, రవ్వ ఆలస్యమయ్యేలా చేయించుకుంటున్నారు. నడుస్తున్న బైకు కిల్ స్విచ్‌ను టకటకా నొక్కి పేల్చేవాళ్లు మరికొందరు. ర్యాలీ కార్లు కూడా పేలతాయి కదా అంటారు. అక్కడ ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బో తిరుగుడు ఆగకుండా ఉండటానికి ఆ ఏర్పాటు, పార్టులు త్వరగా పోతాయని తెలిసే మార్చుకుంటారు. వీధిలో దానికి ఆ అవసరమూ లేదు, నిద్రపోతున్న పసిపిల్లలకు ఆ ముచ్చటా లేదు. ఈ మార్పులు చేసిపెట్టే షాపుల మీద కూడా జరిమానా పడాలని మా అభిప్రాయం.

అమెరికాలో 1940 ఏప్రిల్ 25 తర్వాత పడవ లోపల బిగించిన పెట్రోల్ ఇంజిన్లకు, మంట వెనక్కి తన్నినా బయటికి రానివ్వని ఫ్లేమ్ అరెస్టర్ తప్పనిసరి చేశారు. కారులో ఆ కాపలా కొంతవరకు ఎయిర్ ఫిల్టర్ డబ్బా కాస్తుంది. దాన్ని ఊడదీసి, కార్బురేటర్‌లో చేత్తో పెట్రోలు పోస్తూ, మొహం దాని మీదే పెట్టి స్టార్ట్ చేయమనే పాత అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. కనుబొమలు కాలితే అదృష్టం కిందే లెక్క.

మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకు ప్లగ్గులు, బెల్టు, ఫిల్టర్ మార్చుకుంటే ఈ చప్పుళ్లలో చాలా భాగం మొదలే కావు. మొదలైతే మాత్రం షెడ్డుకెళ్లేముందు మూడు సంగతులు గమనించి పెట్టుకోవాలి. ముందు పేలిందా, వెనకా? ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? తొక్కినప్పుడా, కాలు తీసినప్పుడా? ఈ మూడూ విన్నాక కూడా మెకానిక్ బానెట్ ఎత్తకుండానే మార్చాల్సిన పార్టుల జాబితా రాయడం మొదలుపెడితే, తాళాలు తీసుకుని వచ్చేయొచ్చు.