మూడు రోజుల బురద కోసం ఏ బండి?

ఎస్‌యూవీ కొనబోయే మిత్రులు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. రాళ్లూ గుట్టలూ ఎక్కే మొరటు బండి తీసుకోవాలా, అందరిలాగా కుటుంబ బండితో సరిపెట్టుకోవాలా? అడిగే తీరులోనే వాళ్ల మనసు తెలిసిపోతుంది. ‘సరిపెట్టుకోవడం’ అన్న మాట ఎప్పుడూ రెండోదానికే పడుతుంది. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఇప్పుడున్న బండి గత ఏడాదిలో ఎన్ని రోజులు తారు రోడ్డు దిగింది? వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి మూడో వేలు దగ్గర ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

పక్కపక్కన నిలబెడితే రెండూ ఒకే జాతిలా కనిపిస్తాయి. వంశాలు మాత్రం వేరు. జీప్ రాంగ్లర్‌కు మూలపురుషుడు 1941 నాటి విల్లీస్ సైనిక జీపు. ల్యాండ్ రోవర్ 1948లో పొలం పనులను దృష్టిలో పెట్టుకుని పుట్టింది. టయోటా రావ్4 1994లో, హోండా సీఆర్-వీ 1995లో వచ్చాయి. ఈ రెండింటినీ కార్ల విడిభాగాలతోనే కట్టారు. సీఆర్-వీకి సివిక్ కారే ఆధారం. ఒకటి పట్నం బట్టలు కట్టిన ట్రక్కు, రెండోది బరువైన బూట్లు తొడుక్కున్న కారు.

అసలు తేడా బండి కిందికి వంగి చూస్తే కనిపిస్తుంది. మొరటు బండికి రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటిని కలిపే అడ్డపట్టీలు, పైన బోల్టులతో బిగించిన బాడీ ఉంటాయి. దీన్నే ల్యాడర్ ఫ్రేమ్ అంటారు. కుటుంబ బండికి విడిగా చట్రం ఉండదు, బాడీయే చట్రం. ఇక ఇరుసు సంగతి. రాంగ్లర్‌లోనూ సుజుకీ జిమ్నీలోనూ ముందు రెండు చక్రాలను కలుపుతూ ఒకటి, వెనక రెండింటినీ కలుపుతూ ఒకటి గట్టి ఇరుసులు ఉంటాయి. ఎడమ చక్రం రాయి ఎక్కితే ఆ ఇరుసు తక్కెడ కాడలా వాలి కుడి చక్రాన్ని నేలకేసి నొక్కుతుంది. చక్రం నేలను వదలకపోతేనే బండి కదులుతుంది కనుక రాళ్లలో ఇది గొప్ప బలం. తారు రోడ్డు మీద అదే ఇరుసు, ఎడమ చక్రం గుంతలో పడిన కుదుపును కుడి చక్రానికీ చేరవేస్తుంది. మలుపులో స్టీరింగు తిప్పాక బండి ఓ క్షణం ఆలోచించి కదిలినట్టు ఉంటుంది. కంపెనీవాళ్లు బద్ధకించి వదిలేసిన లోపం కాదు ఇది. మీరు మురిసిపోయిన గుణానికే రెండో ముఖం. రాళ్ల మీది సుఖాన్ని ఉంచుకుని రోడ్డు మీది ఇబ్బందిని తీసేయమంటే కుదరదు.

మొరటు బండికున్న మరో బలం లో రేంజ్, అంటే బండిని నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే అదనపు గేరు. రాంగ్లర్ రూబికాన్ మోడల్‌లో దాని నిష్పత్తి 4:1. చక్రాల వేగం నాలుగో వంతుకు తగ్గి, వాటికి అందే టార్క్, అంటే తిప్పే బలం, నాలుగింతలవుతుంది. నిటారైన వాలులో బ్రేకు తొక్కకుండానే నడిచే మనిషి వేగంతో దిగవచ్చు. కుటుంబ ఎస్‌యూవీల్లో ఈ ఏర్పాటు సాధారణంగా ఉండదు. వాటిలో మామూలుగా ఇంజిన్ బలం ముందు చక్రాలకే అందుతుంది. నాలుగు చక్రాలకూ బలం అందే ఏర్పాటు ఉన్నవాటిలో, అవి జారితే ఒక క్లచ్ ద్వారా వెనక చక్రాలకూ అందుతుంది.

ఆ క్లచ్‌కు ఎంత ఓపిక ఉందో నాకు తెలుసు. రెండేళ్ల కిందట ఒక కుటుంబ బండితో వానకు తడిసిన మట్టి బాట ఎక్కాను. గాడిలో దిగగానే ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం గాలిలో తేలాయి. తేలిన చక్రాలను పట్టి ఆపడానికి బ్రేకులు టకటకమని కొట్టుకున్నాయి. బండి రెండడుగులు జరిగింది, ఆగింది, మళ్లీ జరిగింది. అంతలో క్లచ్ వేడెక్కిందని దీపం వెలిగింది. వెనక చక్రాలు పని మానేశాయి. దిగి, తాళంచెవి కొసతో వాల్వు పిన్ను నొక్కి ఒక్కో టైరులో గాలి 33 నుంచి 20 పీఎస్ఐ దాకా తగ్గించాను. క్లచ్ చల్లారాక, వచ్చిన దారినే వెనక్కి జారుకుంటూ బయటపడ్డాను. బండిని తప్పుపట్టను, తీసుకెళ్లినవాడిని నేను. అయితే ఆరోజు నన్ను గట్టెక్కించింది ఫోర్ వీల్ డ్రైవ్ కాదు, నేలను వెడల్పుగా పట్టుకున్న మెత్తటి టైర్లు. మంచి ఆల్ టెరైన్ టైర్లు, అంటే రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే లోతు గాళ్ల టైర్లు, వేసిన కుటుంబ బండి చాలామంది అనుకునేదానికన్నా ఎక్కువ దూరమే వెళ్తుంది. ఆ టైర్లు రోడ్డు మీద కొంచెం మోత పెడతాయి, తడిలో ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటాయి. అన్నట్టు, ఇంజిన్ ఎన్ని చక్రాలను తిప్పినా బ్రేకు తొక్కినప్పుడు ఒరిగేదేమీ లేదు.

చాలామందికి తెలియని మాట ఇంకోటి ఉంది. జిమ్నీలో ఉన్నలాంటి పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, అంటే అవసరమైనప్పుడు మనమే వేసుకునేది, ముందు వెనక ఇరుసులను ఒకే వేగానికి కట్టేస్తుంది. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో టైరు కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది, పొడి తారు మీద అలా జారలేక గేర్లు బిగుసుకుంటాయి. అందుకే రోడ్డు మీద అది వెనక రెండు చక్రాలతోనే నడవాలి. సగం తడి, సగం పొడిగా ఉన్న రోడ్డు మీద కుటుంబ బండి ఎవరికీ చెప్పకుండా నాలుగు చక్రాలనూ వాడుకుంటుంటే, అలాంటి మొరటు బండి రెండింటితో నెట్టుకొస్తుందన్నమాట.

‘ఇనుము మందం, కాబట్టి క్షేమం’ అనే వాదన కూడా నిలబడదు. కార్లను గుద్దించి భద్రతకు ఐదు నక్షత్రాల దాకా ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో 2018లో రాంగ్లర్‌కు దక్కింది ఒకే ఒక్క నక్షత్రం. దానంతట అదే బ్రేకు వేసే వ్యవస్థ కూడా అప్పట్లో ఆ బండిలో ఉండేది కాదు. అదే ఏడాది జిమ్నీకి మూడు వచ్చాయి. అలాగని పాపమంతా ల్యాడర్ ఫ్రేమ్ మీద వేయడం అన్యాయం. అలాంటి చట్రమే ఉన్న మెర్సిడెస్ జీ-క్లాస్ 2019లో ఐదు నక్షత్రాలు తెచ్చుకుంది. కొత్త ల్యాండ్ రోవర్ డిఫెండర్ అసలు చట్రాన్నే వదిలేసి అల్యూమినియం మోనోకాక్‌కు, అంటే బాడీయే చట్రమైన కట్టుబడికి, మారింది. 900 మిల్లీమీటర్ల లోతు నీటిలో నడుస్తుంది, 2020లో ఐదు నక్షత్రాలూ గెలిచింది. పాతకాలపు అభిమానులకు ఇది మింగుడుపడలేదు. 1977లో వచ్చిన లాడా నీవాకూ విడి చట్రం లేదని వాళ్లకు గుర్తుచేస్తే ఇంకా కోపం వస్తుంది.

ఇంటిల్లిపాదీ ఎక్కితే లెక్క మారుతుంది. వెనక సీట్లు నిలిపి ఉంచితే మూడు తలుపుల జిమ్నీలో సామానుకు మిగిలే చోటు 85 లీటర్లు, ఐదో తరం రావ్4లో 580. జిమ్నీ వెనక తలుపు, దాని మీద స్పేర్ టైరుతో సహా, పక్కకు తెరుచుకుంటుంది. వెనక ఇంకో బండి ఆనుకుని ఆగి ఉంటే చేతిలో సంచులు పట్టుకుని నిలబడాల్సిందే. నిద్రపోతున్న పిల్లను భుజం మీంచి అంత ఎత్తులో ఉన్న సీటులోకి జారవిడవడం ఎలా ఉంటుందో పత్రికల సమీక్షల్లో రాయరు.

మొరటు బండి వద్దనడం లేదు. రోజూ అడవి బాటలో, గనుల దగ్గర, మంచు దారిలో తిరిగేవాళ్లకు దానికి సాటి లేదు. వాళ్లు ఈ ప్రశ్న అడగరు కూడా. అవసరం లేకపోయినా కేవలం ఇష్టంతో కొంటానన్నా నాకు అభ్యంతరం లేదు. ఇష్టం చాలా మంచి కారణం. దాన్ని భద్రత అనో, ముందుచూపు అనో ఇంట్లోవాళ్లకు చెప్పి ఒప్పించబోతేనే చిక్కు. ఏడాదికి మూడు రోజుల బురద ఉన్నవాళ్లకు నా సలహా కుటుంబ బండే. ఆ మూడు రోజులకు మొరటుదాన్ని అద్దెకు తెచ్చుకోవచ్చు.

ఇంకా తేలకపోతే టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లినప్పుడు స్టీరింగు వేరేవాళ్లకు ఇచ్చి, మీరు వెనక సీట్లో అరగంట కూర్చోండి.